గోడ మీద అణిగిన పూలు

"మా అత్తగారి హారం నిన్న పోయిందండి. బీరువా తాళాలు నా దగ్గరే ఉంటాయి. సాయంత్రంలోగా దొరక్కపోతే నన్ను పుట్టింటికి పంపేస్తారట."

ఆ ఇల్లాలి చేతిలో రుమాలు నలిగి ముద్దయిపోయింది. డిటెక్టివ్ ఆమెకు మంచినీళ్లు ఇచ్చింది. సహాయకుడు లేచి చెప్పులు వేసుకున్నాడు. మేడం నీళ్లు ఇచ్చారంటే కేసు ఒప్పుకున్నట్టేనని అతనికి తెలుసు.

అత్తగారి గదికి కొత్తగా తెల్ల వాల్‌పేపర్ అంటించారు. చేత్తో తడిమితే ఉబ్బెత్తు పూలు తగిలే రకం. దాని మీద తెల్లరంగు వేయడం ఇంకా మిగిలి ఉంది.

"ఈ కాగితం ఎవరు ఎంచుకున్నారు?" అని అడిగింది డిటెక్టివ్.

"మా అబ్బాయి. కోడలు నున్నటిది చాలంది, వాడు వింటేగా. ఉబ్బు పూలైతే గోడ ఎగుడుదిగుళ్లు కప్పేస్తాయన్నాడు. ఇంట్లోనే దొంగ ఉన్నాక ఏ పూలైతేనేం," అంది అత్తగారు, కోడలికి వినబడేలా.

"హారం ఎవరికైనా ఇద్దామనుకున్నారా?"

"ఈ వారం మా అమ్మాయికి ఇద్దామనుకున్నా."

వాల్‌పేపర్ పనివాడు గుమ్మం దగ్గర బిక్కచచ్చి నిలబడ్డాడు. "నిన్న బీరువా పక్కన చివరి పట్టీ అంటించి భోజనానికి వెళ్లానమ్మా. వచ్చేసరికి గొడవ. మళ్లీ గదిలోకి రానివ్వలేదు."

"పట్టీని దేనితో అదుముతావు?"

"అదమకూడదమ్మా. పసిబిడ్డ వీపు నిమిరినట్టు మెత్తటి బ్రష్‌తో నిమరాలి. గట్టిగా రుద్దితే పూలు చచ్చిపోతాయి."

కొడుక్కి పుస్తకాల బైండింగ్ షాపు ఉంది. "ఎందుకండీ ఇదంతా? ఇంటి గుట్టు రచ్చకెక్కడం తప్ప," అన్నాడతను విసుగ్గా.

డిటెక్టివ్ టార్చిలైటును గోడకు ఏటవాలుగా పట్టింది. ప్రతి పువ్వూ నీడ వేసింది. బీరువా పక్కనున్న ఆ చివరి పట్టీలో మాత్రం నడుమెత్తున నీడలే లేవు. సహాయకుడు తడిమి చూశాడు.

"అద్దంలా ఉంది మేడం."

ఆమె అందరినీ గదిలోకి పిలిచింది.

"ఈ పట్టీని తడిగా ఉండగానే ఎవరో ఊడదీసి మళ్లీ అంటించారు. ఒక్క బుడగ లేదు, అంచు లేవలేదు. జిగురు పనిలో చేయి తిరిగినవాళ్లే. కానీ ఈ పనివాడు పూలను ఇలా చంపడు. పుస్తకం అట్ట మీద కాగితాన్ని మాత్రం ఇలాగే, నడిమి నుంచి అంచులకు చెక్కబద్దతో గట్టిగా రుద్దుతారు. తొందరలో చెయ్యి తన అలవాటునే నమ్ముకుంది."

ఆమె పట్టీని చాకుతో కోసింది. వెనక పాత స్విచ్చుబోర్డు గుంత, అందులో గుడ్డలో చుట్టిన హారం.

"నున్న కాగితమైతే ఈ గుంత బయటపడేది. అందుకే ఉబ్బు పూల కోసం పట్టుబట్టారు."

కొడుకు మంచం అంచున కూలబడ్డాడు. "ఇంటి సొత్తు చెల్లెలింటికి పోకూడదనుకున్నా. ఈవిడ వంటింట్లో ఉండగా తాళాలు తీసుకున్నా. నాలుగు రోజులైతే అందరూ మరిచిపోతారని..."

అత్తగారు హారాన్ని కోడలి చేతిలో పెట్టబోయింది. కోడలు అందుకోలేదు. భర్త వంకే చూసింది.

"నిన్న వీళ్లంతా నన్ను దొంగంటుంటే మీరు పక్కనే కూర్చుని భోంచేశారు. మారు వడ్డించమని నన్నే అడిగారు."

ఆమె లోపలికి వెళ్లి పెట్టె సర్దుకోసాగింది. ఈసారి వెళ్లమని ఎవరూ అనలేదు.