వెనక సీటు కడ్డీ

2081లో విజయవాడలో పెట్రోలు పొగ వాసన చూడాలంటే టోకెను తీసుకుని వరసలో కూర్చోవాలి. ఆటోనగర్ చివరనున్న వారసత్వ వాహన పరీక్షాకేంద్రంలో తప్ప ఆ వాసన ఇంకెక్కడా మిగల్లేదు. బయట రోడ్ల మీద తిరిగేవన్నీ పిలవగానే వచ్చి, ఎక్కించుకుని, దింపేసి తమ దారిన పోయే బండ్లు. అవి ఎవరివీ కావు. వాటిని కడిగేవాడూ లేడు, వాటికి దసరాకి బొట్టు పెట్టేవాడూ లేడు.

అందుకేనేమో, పాత బండ్లు దాచుకున్న కొద్దిమందికీ వాటి మీద పిచ్చి ముదిరింది. రాష్ట్రం మొత్తానికి ఐదొందల పాత బండ్లకే శాశ్వత అనుమతి అంది ప్రభుత్వం. మిగిలినవన్నీ కొలిమికి. అర్జీలు పద్నాలుగు వేలు వచ్చాయి. వచ్చిన ప్రతివాళ్ళూ బండిని కావిలించుకుని ఏడ్చేవాళ్ళే. ఏ ఏడుపు నిజమో తేల్చడం అధికారుల వల్ల కాలేదు. ఆ పని డాక్టర్ మాణిక్యాంబ చేసిన యంత్రం నెత్తిన పడింది.

పేరు చూసి ఆవిడేదో పెద్దావిడ అనుకోకండి. ముప్ఫై నాలుగేళ్ళు. ఆ తరంలో తాతమ్మల పేర్లు మళ్ళీ ఫ్యాషనయ్యాయి. ముసలివాళ్ళేమో ప్రణీత్‌లూ, లిఖితలూ.

ఆమె ఆరేళ్ళు నిద్రాహారాలు మాని తయారుచేసిన ఆ యంత్రం పేరు స్పర్శలేఖిని. జనం మాత్రం టచ్ రీడర్ అంటారు. మనిషి చెయ్యి లోహాన్ని తాకిన ప్రతిసారీ చెమటలోని ఉప్పూ, పట్టులోని ఒత్తిడీ కలిసి పైపొరలోని స్ఫటికాల అమరికను రవ్వంత మారుస్తాయి. దోసెల పెనం వాడగా వాడగా పదునెక్కుతుందే, అలాంటిదే ఇదీను. వేళ్ళ ముద్రలు తుడిస్తే పోతాయి గానీ, ఈ మార్పు పొర మీద పొరగా ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. స్పర్శలేఖిని ఆ పొరల్ని విప్పి, పట్టుకున్నది ఎవరి చెయ్యో, ఎన్నిసార్లో, ఎంత గట్టిగానో చెబుతుంది. మనకి ప్రాణమైనదాన్ని గట్టిగా పట్టుకుంటాం, పట్టనిదాన్ని వదులుగా పట్టుకుంటాం. ఈ చిన్న సూత్రం మీద ఆమె ఒక కొలత కట్టింది. దాని పేరు బంధసూచిక. నూటికి అరవై దాటితే అనుమతి, దాటకపోతే కొలిమి.

ఆ రోజు నలభై రెండో టోకెను ప్రణీత్‌గారిది. అరవయ్యారేళ్ళ మనిషి, రిటైరైన లెక్కల మాస్టారు. నెమలికంఠం రంగు గేర్ల స్కూటర్‌ని పసిబిడ్డలా నడిపించుకుంటూ వచ్చాడు. వెనకాలే భార్య లిఖితమ్మ, చేతిలో టిఫిన్ డబ్బాతో.

"డాక్టరమ్మా, నేను దీన్ని తుక్కు కొట్లో చూసినప్పుడు చక్రాలు కూడా లేవు," అన్నాడాయన కూర్చోకుండానే. "మా పెళ్ళైన ఏడు అది. ఒక్కో భాగం వెతికి వెతికి రెండేళ్ళు బిగించాను. ముప్ఫై నాలుగేళ్ళుగా నడుపుతున్నాను. మీ మిషను ఇప్పుడు చూడాల్సిన పనేం లేదు, ఊరికే రాసిచ్చేయండి."

"చూశాక రాసిస్తానండీ బాబాయిగారూ," అంది మాణిక్యాంబ నవ్వుతూ. ఆ స్కూటర్ అద్దంలా మెరుస్తోంది. ఇది తొంభై దాటుతుందని మనసులో అనుకుంది.

స్పర్శలేఖిని సన్నటి చేతిని చాపి హ్యాండిల్ మీదా, బ్రేకు మీదా, కిక్‌రాడ్ మీదా మెల్లగా ఆనించింది.

"బంధసూచిక నాలుగు," అంది యంత్రం.

ప్రణీత్‌గారి మొహం పాలిపోయింది. "నలభయ్యా?"

"కాదండి. నాలుగు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. మాణిక్యాంబ యంత్రం చేత మళ్ళీ చదివించింది. మళ్ళీ నాలుగే.

"మీరు దీన్ని ఎలా చూసుకుంటారండీ?" అని అడిగింది.

"ఎలా అంటే ఏం చెప్పమంటారు! ప్రతి ఆదివారం పొద్దున్నే పాలిష్. ప్రతి దసరాకీ ముందు గీతలు పడ్డ భాగాలన్నీ విప్పి, క్రోమ్ పూత కొత్తగా వేయించి, గంధం రాసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి కదా. ఒక్క ఏడు మానితే ఒట్టు."

మాణిక్యాంబకి అప్పుడు అర్థమైంది. ఆదివారానికోసారి అరగదీసి, ఏడాదికోసారి పూతేయించి, ఆ మనిషి తన చేతి గుర్తుల్ని తన చేత్తోనే తుడిచేసుకున్నాడు. బండిని మరిచిపోయి గొడ్లచావిట్లో పడేసినవాళ్ళకి ఎనభైలు వస్తున్నాయి, ఈయనకి నాలుగు. అయినా యంత్రం అబద్ధం చెప్పలేదు, నిబంధనా మారదు. సాయంత్రం లారీలో ఈ స్కూటర్ కొలిమికి పోతుంది.

"పాలిష్ పెట్టనిది, పూత వేయించనిది, ఒక్క భాగమైనా ఉందా?" అంది ఆశగా.

ఆయన తల అడ్డంగా ఊపాడు. లిఖితమ్మ గొంతు సవరించుకుంది.

"ఆ కడ్డీ ఒకటుందమ్మా," అంది, వెనక సీటు వాళ్ళు పట్టుకోవడానికి ముందు సీటు వెనకాల అడ్డంగా ఉన్న ఇనప కడ్డీని చూపిస్తూ. "దాని జోలికి నేనెప్పుడూ రానివ్వలేదు. నున్నగా చేస్తే చెయ్యి జారుతుందని."

"అదొక్కటీ నల్లగా ఉండి బండి అందమంతా చెడగొడుతోందని ఎన్నేళ్ళు పోరానో," అన్నాడాయన నీరసంగా.

యంత్రం చేతిని కడ్డీ మీద ఆనించి, బొట్టుబిళ్ళంత సెన్సరు ఒకటి దానికి అంటించింది. ఈసారి చాలాసేపు పట్టింది.

"ఒకే మనిషి. స్త్రీ. ఎడమచెయ్యి. పదకొండు వేల పైచిలుకు ప్రయాణాలు. బంధసూచిక తొంభై ఏడు. ఈ కేంద్రంలో ఇంతవరకూ ఇదే ఎక్కువ మేడమ్."

ప్రణీత్‌గారు లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చూశారా! మా ఆవిడకి ఈ బండంటే ఎంత ప్రేమో చూశారా! ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కసారైనా రానని అనలేదండీ!" సంతోషం పట్టలేక, వరసలో కూర్చున్నవాళ్ళకి చెప్పడానికి బయటికి పరుగెత్తాడు.

మాణిక్యాంబ తెర మీది గీతని చూస్తూ ఉండిపోయింది. ప్రేమతో పట్టుకున్న చేతుల గీతలు ఆమె వేలకొద్దీ చూసింది. అవి చదునుగా సాగుతాయి. ఇది మలుపు మలుపుకీ, బ్రేకు బ్రేకుకీ కొండలా లేస్తోంది. అక్కడక్కడ గోళ్ళు దిగిన జాడ కూడా ఉంది.

"పిన్నిగారూ, ఒకమాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీకీ బండంటే నిజంగా ఇష్టమేనా?"

లిఖితమ్మ గుమ్మం వైపోసారి చూసి గొంతు తగ్గించింది. "ఇష్టమా నా తలకాయా! భయం తల్లీ. మొదటిరోజే కనకదుర్గ వారధి మీద రెండు లారీల మధ్య నుంచి దూర్చాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే కూర్చున్నాను."

"మరెందుకు ఎక్కారు ఇన్నేళ్ళు?"

"నేను వెనకుంటే నలభై దాటడు. ఒక్కడే వెళితే ఎంతలో వెళతాడో ఆ దేవుడికే తెలియాలి. ఇంట్లో కూర్చుని భయపడే బదులు వెనక కూర్చునే భయపడదామని."

మాణిక్యాంబ యంత్రం వైపు తిరిగింది. "నువ్వు కొలిచింది భయాన్నా?"

"నేను పట్టును కొలిచాను. ప్రేమైతే గట్టిగా పట్టుకుంటారని మీరే నేర్పారు. భయమైనా గట్టిగా పట్టుకుంటారని చెప్పలేదు," అంది అది.

ఆరేళ్ళ శ్రమ ఆమె కళ్ళముందే బీటలిచ్చింది. ఇప్పటిదాకా అనుమతి ఇచ్చిన నాలుగొందల బండ్లలో ఎన్నింటిని జనం బిగించి పట్టుకున్నది భయంతోనో! సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఇంతలో గుమ్మం దగ్గర అలికిడయింది. ప్రణీత్‌గారు అక్కడే నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో గానీ మొత్తం విన్నట్టే ఉంది మొహం.

"నాకెందుకు చెప్పలేదు లిఖితా?"

"చెబితే ఎక్కొద్దనేవారు. ఎక్కొద్దంటే ఒక్కరే వెళ్ళేవారు."

ఆయన స్కూటర్ దగ్గరికి వెళ్ళి, ఆ నల్లటి కడ్డీ మీద మొదటిసారిగా చెయ్యి వేసి తడిమాడు.

"కొలిమికి పంపేయండి డాక్టరమ్మా," అన్నాడు చివరికి. ఆ మాట ఆయన పైపైకి అనలేదని మాణిక్యాంబకి తెలిసిపోయింది.

"అది మీ చేతుల్లో లేదండీ. సూచిక ఎవరి పేరున తేలితే అనుమతి వాళ్ళ పేరునే. బండి ఇప్పుడు పిన్నిగారిది. ఉంచాలో, కరిగించాలో ఆవిడే చెప్పాలి," అంది. యంత్రం భయాన్ని ప్రేమగా లెక్కగట్టిన సంగతి పైవాళ్ళకి రాయాలా వద్దా అన్నది మాత్రం ఆమె ఇంకా తేల్చుకోలేదు.

లిఖితమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసింది. టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టి చెయ్యి చాపింది.

"తాళం ఇటివ్వండి."

"నీకు నడపడం రాదు కదే!"

"ముప్ఫై నాలుగేళ్ళు వెనక కూర్చుని, మీరు ఏ గేరు ఎప్పుడు వేస్తారోనని కళ్ళల్లో వత్తులేసుకుని చూశాను. ఇంకా రాకుండా ఉంటుందా?"

ప్రాంగణంలోకి వెళ్ళాక ఆవిడ స్కూటర్‌ని ఒక పక్కకి బాగా వంచి, రెండు క్షణాలాగి, నిటారుగా నిలబెట్టి కిక్ కొట్టింది. అలా వంచితే పెట్రోలు లోపలికి దిగుతుందని మాణిక్యాంబకి ఆ రోజే తెలిసింది. బండి రెండుసార్లు ఆగిపోయి మూడోసారి అంటుకుంది. ప్రణీత్‌గారు వెనక సీటెక్కాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాడు. స్కూటర్ ఒక్క ఊపుతో ముందుకి దూకింది. రెండు చేతులూ వెళ్ళి కడ్డీని పట్టుకున్నాయి.

కడ్డీ మీది సెన్సరు తియ్యడం మాణిక్యాంబ మరిచిపోయింది. తెర మీద కొత్త చేతి సంఖ్య కదిలింది. పన్నెండు. నలభై. డెబ్భై ఒకటి. బండి గేటు దగ్గర ఒరిగి మలుపు తిరిగేసరికి తొంభై ఎనిమిది.

"మేడమ్, దీన్ని ఏ పద్దు కింద రాయను? భయమా, ప్రేమా?" అని అడిగింది యంత్రం.

బయట ప్రణీత్‌గారు గొంతు చించుకుంటున్నాడు. "లిఖితా! నెమ్మదే! గోడే గోడ!"

"మొదట్లో అలాగే ఉంటుంది లెండి!" వెనక్కి తిరగకుండా అరిచింది లిఖితమ్మ. "ఇంకో ముప్ఫై నాలుగేళ్ళలో అలవాటైపోతుంది!"