ఇసక గుంటలో దణ్ణం

విశాఖపట్నంలో గోల్ఫ్ గురించి నాకు తెలిసినంత ఇంకొకరికి తెలియదు. వయసులో ఉండగా కైలాసగిరి మీద నిలబడి ఒక్క దెబ్బ కొట్టాను. బంతి బీచ్ రోడ్డు దాటి, లంగరేసి ఉన్న ఓడ పొగగొట్టంలో పడింది. ఆ ఓడ కెప్టెన్ సింగపూర్ వెళ్లాక చూసుకుని, తిరుగు ఓడలో బంతిని భద్రంగా పంపించాడు. అంతటి ఆటగాణ్ణి చెబుతున్నాను కాబట్టి ఈ కథని అనుమానించకుండా వినండి.

కోటి నాకు వరసకి మనవడు. సముద్రం మీద వేట చేసుకునే ఇల్లు. తండ్రికి పడవుంది, వలుంది, కుర్రాడికి మాత్రం చిన్నప్పటినుంచి గోల్ఫ్ కోర్సు గోడ మీదే కన్ను. మొదట్లో అక్కడికొచ్చే ఆసాముల బ్యాగులు మోశాడు. తర్వాత ఆటలో వాళ్లనే ఓడించాడు. చివరికి ప్రొఫెషనల్ అయ్యాడు. ఆ ఆటలో టూర్ కార్డు అని ఒకటుంటుంది. అది చేతిలో ఉంటే దేశమంతా తిరిగి పోటీలాడనిస్తారు. లేకపోతే ఇంటికొచ్చి వల లాక్కోవడమే.

పోయినేడాది మన ఊళ్లోనే పెద్ద పోటీ జరిగింది. చివరి రోజు కోటి బంతి ఇసక గుంటలో పడింది. దాన్ని బంకర్ అంటారు. కోటి అందులోకి దిగాడు, వంగి వేళ్లతో ఇసక తాకి, కళ్లకద్దుకున్నాడు.

గట్టు మీంచి ఒక ఆడగొంతు వినబడింది. "ఆగండి. రెండు స్ట్రోకుల పెనాల్టీ."

ఆ గొంతు శ్రీసత్యది. రిఫరీ. తెల్ల టోపీ, స్కేలు పెట్టి గీసినట్టుండే చూపు. వాళ్ల నాన్న కామరాజు గారు గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్ ప్లాంటు సేఫ్టీ డిపార్టుమెంటులో స్థిరపడ్డ మనిషి. ఉక్కునగరం క్వార్టర్సులో ఆ ఇంటి గుమ్మం ముందు చెప్పులు వంకరగా విడిస్తే చుట్టాలకైనా చీవాట్లే. ఆ పిల్లకి ఉగ్గుతో పాటు రూల్సు పట్టారు.

"ఏటి మేడమ్, నానింకా కొట్టనేదు కదా" అన్నాడు కోటి.

"ఇసక తాకారు. గట్టిగా ఉందో మెత్తగా ఉందో చూసుకున్నారు. అది తప్పండి."

"సూసుకోనేదండి. దణ్ణం ఎట్టుకున్నాను."

"ఇసకకా?"

"గంగమ్మకి. పడవెక్కేముందు అందరం సేత్తాం."

"ఇక్కడ పడవ లేదు."

"మునిగిపోతన్నాను కదండి, అలవాటుగా సెయ్యి ఎల్లిపోయింది."

గుంపంతా నవ్వింది. ఆమె నవ్వలేదు కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఈ ఆటలో తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే గెలుపు. లెక్కలో అదనంగా పడ్డ ఆ రెండు స్ట్రోకులతో కోటి కార్డు పోయింది.

మావాడికి కోపం వచ్చింది. అదేం కోపమో, పొద్దున్న చద్దన్నం దగ్గర తెల్లటోపీ, రాత్రి పులుసు దగ్గర తెల్లటోపీ. వారం రోజులు విని విని వాళ్ల నాయనమ్మ గంగాలమ్మ విసుక్కుంది. "ఒరే, ఇంతలా తిడతన్నావంటే ఆ పిల్ల బావుంటాదేటి?" అని అడిగింది. కోటి నీళ్లు తాగే మిషతో లేచిపోయాడు.

అవతల శ్రీసత్యకి గొంతులో చేపముల్లు దిగినట్టుంది. ఇసక ఎలా ఉందో చూసుకోవడానికి తాకితేనే తప్పని రూలు. ఎందుకు తాకావని తను అడగనేలేదు. ఒకరోజు తెల్లవారుతూనే స్కూటీ వేసుకుని ఉక్కునగరం నుంచి మా రేవుకొచ్చింది. పడవలు నీళ్లలోకి తోస్తున్నారు. ఎక్కే ప్రతి మనిషీ వంగి, ఇసక తాకి, కళ్లకద్దుకుంటున్నాడు. ఆఖరికి పడవెక్కే కుక్క కూడా ముందుకాలు ఇసకలో పెట్టి కన్ను తుడుచుకుందని నేనంటాను. నమ్మకపోతే మీ ఇష్టం.

గంగాలమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఎవులమ్మా నువ్వు? సేపలు కొనే మొకం నాగ నేదు."

శ్రీసత్య దాచలేదు. కోటికి తప్పుడు తీర్పు చెప్పింది తనేనంది.

గంగాలమ్మకి కోపం రాలేదు. మా రేవులో ఒక కట్టుబాటుంది. తగువు తీర్చిన పెద్ద తప్పు తీర్పు చెప్పాడని తేలితే, అన్యాయం జరిగినవాడి వల బాగుచెయ్యాలి. కులపెద్దయినా, నిన్న పడవెక్కిన కూలీ అయినా ఒకటే శిక్ష. ముసలమ్మ ఆ సంగతి చెప్పి, కోటి వల తెచ్చి ఆమె ఒళ్లో పడేసింది. "కూకో" అంది.

కోటి వేట నుంచి తిరిగొచ్చేసరికి తెల్లటోపీ అతని వల మధ్యలో చిక్కుకుని ఉంది. అంత పెద్ద చేప ఆ వలలో పడ్డం అతను ఎప్పుడూ చూడలేదు.

"తప్పు నాది. ఎందుకు తాకారని అడగాల్సింది" అందామె తలెత్తకుండా. "స్కోరు మాత్రం ఇప్పుడు మార్చలేనండి."

కోటి వల అంచు పట్టుకుని చూశాడు. "సిరిగినకాడ కుట్టాల మేడమ్. మీరు బాగున్నకాడ కుడతన్నారు."

"ఇది కూడా రూలేనా?"

"రూలే. పెనాల్టీ, రేపు మళ్లీ రావాల."

ఆమె వచ్చింది. మర్నాడు కాదు, ఆదివారం. ఆ తర్వాత చాలా ఆదివారాలు. ఆ ఏడాది ఆ వల చిరిగినన్ని సార్లు ఈ తీరంలో ఏ వలా చిరగలేదు. చింపుతున్న సొరచేప పేరు కోటి అని నా అనుమానం.

కానీ ఇద్దరూ అసలు మాట అనలేదు. కార్డు లేనివాణ్ణి, ఏ మొహం పెట్టుకుని అడగనని కోటి ఊరుకున్నాడు. కార్డు పోగొట్టినదాన్ని, ఏ నోటితో చెప్పనని ఆమె ఊరుకుంది.

ఈ ఏడాది మళ్లీ అదే పోటీ. స్థానికుడని కోటిని ఆడనిచ్చారు. గెలిస్తే కార్డు దానంతటదే వస్తుంది. పోటీ పెద్ద నాగవంశీ గారి దగ్గరికి శ్రీసత్య ముందే వెళ్లి, కోటి ఆడే గుంపుకి తనను వెయ్యొద్దని అడిగింది. కారణమేమిటని ఆయన అడిగితే చెప్పలేకపోయింది. కారణం ఇంకా కోటికే చెప్పలేదు, ఆయనకెలా చెబుతుంది? ఆయన నవ్వి, చివరి రోజు సరిగ్గా ఆ గుంపుకే వేశాడు.

కోటితో పాటు ఆడేవాడు అనిరుధ్. గాజువాక నుంచి మధురవాడ దాకా హోర్డింగుల మీద అతని పళ్లే. అతను ఒక స్ట్రోకు ముందున్నాడు. బంతి వెయ్యాల్సిన గుంతలు ఇక రెండే మిగిలాయనగా అతని బంతి బంకర్‌లో పడింది. దిగి, కొట్టబోయే ముందు ఊరికే కర్ర ఊపాడు. ఇసక లేచింది.

"రెండు స్ట్రోకులు" అంది శ్రీసత్య.

నాగవంశీ గారు చిన్న బండిలో పరిగెత్తుకొచ్చాడు. అనిరుధ్ కావాలని చెయ్యలేదనీ, టీవీ వాళ్లున్నారనీ, చూడనట్టు ఊరుకోమనీ చెవిలో చెప్పాడు. పోయినేడాది కోటి కావాలని చేశాడా అని ఏ బండీ పరిగెత్తుకు రాలేదు.

ఇక్కడ మీకో నిజం చెప్పాలి. ఈ రూలు నాకు అప్పుడు ముక్క తెలియదు. నేను గోల్ఫ్ కర్ర పట్టింది ఒక్కసారే, చింతకాయలు రాల్చడానికి. ఓడా లేదు, పొగగొట్టమూ లేదు. చేత్తో తాకితే ఎందుకు తాకాడో అడగాలనీ, ఊరికే కర్ర ఊపి ఇసక రేపినా, కొట్టడానికి కర్ర వెనక్కి తీస్తూ తాకించినా అడగక్కర్లేకుండానే తప్పనీ శ్రీసత్య తర్వాత నాకు చెప్పింది.

అనిరుధ్ అందరికీ వినబడేలా అన్నాడు. "ఆదివారాలు ఎవరి వల కుడుతోందో ఊరంతా తెలుసు. ఈవిడా నాకు న్యాయం చెప్పేది?"

గుంపులో గుసగుసలు లేచాయి. శ్రీసత్య మొహం పాలిపోయింది. "పోయినేడాది ఆయనకి వేశాను, ఇప్పుడు మీకు వేశాను" అంది. ఆమె ఉద్యోగం, పరువు రెండూ ఆ గుంట గట్టు మీదే ఉన్నాయి.

ఇప్పుడు కోటి ఒక స్ట్రోకు ముందు. చివరి గుంత. మావాడి బంతి కూడా తిన్నగా వెళ్లి బంకర్‌లోనే పడింది.

కోటి దిగాడు. అలవాటుగా వంగాడు. వేళ్లు ఇసక మీదికి వచ్చి ఆగిపోయాయి. తలెత్తి ఆమెవైపు చూశాడు.

"పెట్టుకోండి. తప్పు కాదు" అంది శ్రీసత్య.

కోటి ఇసక తాకి కళ్లకద్దుకున్నాడు. కొట్టాడు. బంతి ఎగిరి గుంత పక్కన ఒదిగి కూచుంది. జనం చప్పట్లు కొట్టారు, నేను కొట్టిన చప్పట్లకి పక్కాయన టోపీ పడిపోయింది. కోటి మాత్రం కదల్లేదు, కర్ర చివర చూసుకుంటున్నాడు.

"మేడమ్, కర్ర ఎనక్కి తీసినప్పుడు ఇసక తగిలింది."

"నేను చూడలేదు."

"నాను సూసేను కదా."

"ఎంత తగిలింది?"

"సిటికెడు కూడా నేదు. తగిలింది, అంతే."

శ్రీసత్య గుంట అంచుకి వచ్చి ఆ కర్ర చివర చూసింది. తర్వాత రెండు వేళ్లెత్తింది. కోటి ఒక్క స్ట్రోకుతో ఓడిపోయాడు. కప్పు అనిరుధ్ పట్టుకెళ్లాడు కానీ, ఫొటోలో ఆ పళ్లు కనబడలేదు.

అంతలో వాన పట్టుకుంది. అలాంటిలాంటి వాన కాదు. యారాడ కొండ కనబడకుండా పోయింది, జనం కుర్చీలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తారు. మైదానం మధ్యలో ఒక్క పెద్ద గొడుగు మిగిలింది. దాని కింద వాళ్లిద్దరూ. గొడుగు అంచున, ఒక చెవి లోపల పెట్టి, నేను.

"ఇకమీదట మీరు ఆడే గుంపుకి నేను రిఫరీగా రాకూడదండి" అందామె.

"ఏటి, కోపమా?"

"రూలు. బంధువులు ఆడుతుంటే రిఫరీ పక్కకి తప్పుకోవాలి."

"మనం బందువులం కాదు కదండి."

"అవుతాం" అంది శ్రీసత్య, టోపీ కళ్ల మీదికి లాక్కుంటూ. "మీకు అభ్యంతరం లేకపోతే."

కోటి వంగి నేల తాకి కళ్లకద్దుకున్నాడు. పడవెక్కేముందు చేస్తాడు కదా.

ఉక్కునగరంలో మొదట మంగాయమ్మ గారు, అంటే శ్రీసత్య తల్లి, చుట్టాలేమంటారోనని ముక్కు చీదింది. కామరాజు గారు పేపరు మడిచి పక్కన పెట్టాడట. "నా సర్వీసంతా సేఫ్టీలోనే గడిచింది. హెల్మెట్ పెట్టుకోలేదు సార్, నాకు ఫైన్ వెయ్యండని తనంతట తాను వచ్చినవాడు ఒక్కడు లేడు. ఆ కుర్రాణ్ణి భోజనానికి పిలువు" అన్నాడట. కోటి వెళ్లి, గుమ్మం ముందు చెప్పులు తిన్నగా విడిచాడు. అక్కడే పెళ్లి ఖాయమైపోయింది. ఆ తర్వాత అర్హత పోటీలాడి కార్డు కూడా తెచ్చుకున్నాడు. గంగాలమ్మ మాత్రం, పిల్లకి సూది పట్టడం వచ్చింది, ఇంకేటి కావాలంది.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే. వాన. ఆ రోజు ఎండ మాడ్చేసింది, ఆ గొడుగు ఎండకి వేసిందే. వాన లేకుండా ప్రేమ కథ చెబితే మీరు చివరిదాకా వింటారా? ఎలాగైనా అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. అయితే మొన్నొక పెళ్లిలో శ్రీసత్య ఎవరికో చెబుతుంటే విన్నాను. "ఆ రోజు ఎంత వానండీ, ఇద్దరం తడిసి ముద్దయిపోయాం" అంటోంది.

నేను పక్కనే ఉన్నాను. పెనాల్టీ వెయ్యలేదు.