మేనమామ మీద పాట

టీ మళ్ళీ విరిగింది. సత్యవేణి గిన్నె దించి, లోపలికి ఓసారి చూసి, పెరట్లో పారబోసింది. నిన్న కొని తెచ్చిన టిన్ను నీళ్ళు రాత్రికే అయిపోయాయి. కుళాయి నీళ్ళతో పెడితే పాలు నిలవవని తెలిసీ పెట్టింది. ఊరి మంచినీళ్ళ చెరువుకి నీళ్ళొచ్చేది పంటకాలవ నుంచి. ఆ కాలవలోకే రెండేళ్ళుగా జనార్దన్ గారి రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు వదులుతున్నారు. వదిలే తూము తలుపు ఎత్తేది ఆమె భర్త గంగబాబే. ఆ చెరువుల మీద ఆయన సూపర్‌వైజరు.

గంగబాబు బండికి ఖాళీ టిన్ను కట్టుకుంటూ, పెళ్ళికి ఎన్ని టిన్నులు చెప్పాలో అడిగేడు. వచ్చే వారమే కూతురు లక్ష్మీతులసి పెళ్ళి. పెళ్ళికొడుకు జనార్దన్ గారి మేనల్లుడు. సంబంధం కుదిర్చింది ఆయనే.

సత్యవేణి కొబ్బరి కోరుతూ కూనిరాగం తీస్తోంది. ఐ.పోలవరం చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళయినా, మర్నాడు వియ్యాలవారి బంతిలో పాడ్డానికి ఆమెని పిలుస్తారు. భోజనానికి కూర్చున్న మగపెళ్ళివారిని ఆడపెళ్ళివారు పాటల్లో వెక్కిరించడం అక్కడి సరదా. ఎంత వెక్కిరించినా కోపం తెచ్చుకోకూడదు, ఆకు ముందు నుంచి లేవకూడదు. చేతనైతే పాటతోనే జవాబు చెప్పాలి. ఆ పాటలు సత్యవేణి అప్పటికప్పుడు కడుతుంది. గంగబాబుకి అవంటే మహా ఇష్టం. కానీ ఆ పూట కూనిరాగంలో 'తూము' అన్న మాట చెవిన పడేసరికి తాడు కడుతున్న చెయ్యి ఆగింది.

"ఎవరి మీద కడుతున్నావే అది?"

"మేనమామగారి మీదండి."

ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చేడు. ముందు నవ్వుతూనే చెప్పేడు, మీసం మీద పాడుకో, బొజ్జ మీద పాడుకో, చెరువుల జోలికి మాత్రం పోవద్దని. ఆమె తలెత్తలేదు. అప్పుడు గొంతు మారింది.

"ఉద్యోగం పోతే పోయింది. పిల్ల ఆ మనుషుల మధ్య కాపురం చెయ్యాలి. నీ పాటల పిచ్చికి దాన్ని బలి చేస్తావా?"

"నాది పాటల పిచ్చే. తూము తలుపు ఎత్తేది ఏ పిచ్చండి?"

"అది నా పని. చెప్పింది చేస్తున్నాను."

"ఇది నా పనండి. నాకెవరూ చెప్పక్కర్లేదు."

ఉప్పునీళ్ళకి బిరుసెక్కిన జుట్టు చిక్కు తీసుకుంటూ తులసి గదిలోంచి వచ్చింది. ఆ ఇంట్లో మొదటి డిగ్రీ తనది. కాలవ గురించి అర్జీ మీద అర్జీ పెట్టింది. ఎవరో ఆఫీసర్లు వచ్చేరు, చెరువు గట్టున బొండాలు తాగేరు, వెళ్ళేరు. మీ అమ్మకి నువ్వైనా చెప్పు అన్నాడు గంగబాబు.

"పాడనివ్వండి నాన్నా. పాటకే అలిగే మనుషులైతే, రేపు నేను నోరు విప్పితే ఏం చేస్తారు? అదేదో ముందే తెలిస్తే మంచిది కదా."

గంగబాబు బండి తీసుకుని వెళ్ళిపోయేడు. పెళ్ళి దాకా భార్యతో కావలసిన మాటలే మాట్లాడేడు.

పెళ్ళి మర్నాడు మధ్యాహ్నం పందిట్లో బంతి వేసేరు. పెళ్ళికొడుకు పక్కన జనార్దన్, ఎదురు వరసలో ఆయన అక్క, అంటే పెళ్ళికొడుకు తల్లి, వరహాలమ్మ. ఆడపిల్ల తండ్రి కనక గంగబాబు సాంబారు బకెట్టు తనే పట్టుకున్నాడు. సత్యవేణి స్తంభాన్ని ఆనుకుని అందుకుంది.

రొయ్యకీ మీసముంది, మామకీ మీసముంది
మామగారి మీసమే మూరెడెక్కువుంది, ఓ వదినా
మూరెడెక్కువుంది

ఆడవాళ్ళంతా చివరి మాట అందుకున్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది జనార్దనే. మీసం కూడా దువ్వుకున్నాడు.

రొయ్యకీ ఉప్పునీళ్ళే, మాకూ ఉప్పునీళ్ళే
రొయ్యలైతే బలిసేయి, మేమెలా బతికేది, ఓ వదినా
మేమెలా బతికేది

ఈసారి ఎవరూ అందుకోలేదు. ఆ ఆడవాళ్ళలో సగం మంది మొగుళ్ళకి ఆ చెరువుల మీదే పని. జనార్దన్ ముద్ద వదిలేసి లేవబోయేడు.

"కూర్చో తమ్ముడూ. బంతిలో లేస్తే పాటకి ఓడిపోయినట్టే," అంది వరహాలమ్మ.

ఆయన కూర్చున్నాడు. నవ్వు తెచ్చుకుని, "చూద్దాంలే చెల్లెమ్మా" అన్నాడు. సత్యవేణి ఆ మాట కింద పడనివ్వలేదు.

చూద్దాం చూద్దామంటే సూరీడు కుంకేడు
చూసే కళ్ళు ఆయనవి, తాగే నోళ్ళు మావి, ఓ వదినా
తాగే నోళ్ళు మావి

చివరి మాట ఎవరూ అందుకోకపోతే పాట చచ్చిపోయినట్టే. ఆమె ఒక్కో మొహం వైపూ చూసింది. ఒక్కొక్కరే కళ్ళు దించుకున్నారు. ఆమె స్తంభం దగ్గర నుంచి కదల్లేదు.

"తాగే నోళ్ళు మావి."

మగగొంతు. శ్రుతీ లేదు, తాళమూ లేదు. వరస మధ్యలో బకెట్టుతో నిలబడ్డ గంగబాబు. ఆ తర్వాత వెనక నుంచి ఒకావిడ, ఆ పక్కన ఇంకొకావిడ, తర్వాత అందరూ.

"నువ్వు కూడానా గంగబాబూ?" అన్నాడు జనార్దన్.

"తలుపు ఎత్తేది నేనేనండి. ఇక ఎత్తను."

నీళ్ళు పోస్తున్న చెరువు కూలీ ఏసుపాదం తల వంచుకునే, తానూ ఎత్తనన్నాడు. జనార్దన్ అక్క వైపు చూసేడు, మన పక్క నుంచి జవాబు పాడమన్నట్టు. వరహాలమ్మ నిదానంగా మజ్జిగ కలుపుకుంటోంది.

"నా దగ్గర జవాబు లేదురా. నీ దగ్గరుంటే చెప్పు."

చివరికి జనార్దన్, ఖర్చయితే అయ్యింది, మోటారు పెట్టి సముద్రంలోకి పోయే మురుక్కాలవలోకే తోడిద్దామన్నాడు. ఎప్పటి నుంచండి అని సత్యవేణి అడిగింది. రేపటి నుంచే అని ఆయన చేత అందరి ముందూ అనిపించింది.

బంతి లేచేక గంగబాబు వంటల పాక వెనక ఒక్కడూ కూర్చుని కనిపించేడు. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయేడు.

"రెండేళ్ళు నా చేత్తో నేనే తాగించేనే మన పిల్లకి ఆ నీళ్ళు."

సత్యవేణి వచ్చి పక్కన కూర్చుంది.

"తాగించేరు. ఇవాళ ఆపేరు. గొంతు మాత్రం ఘోరమండి మీది."

ఆయన ఏడుస్తూనే నవ్వేడు. పందిట్లో రెండో బంతి మొదలైనట్టుంది, ఎవరో పాట ఎత్తుకున్నారు. సత్యవేణి చెవి ఒగ్గి వింది. కె.గంగవరం నుంచి వచ్చిన ఆడపడుచుల గొంతులు. వాళ్ళ ఊరి కాలవ మీద పాడుతున్నారు. ఆ పాట ఆమె కట్టింది కాదు.