నానమ్మ కుడికాలి చెప్పు

కుక్కరు కూతకి ఆఫీసరమ్మ జడ సగంలో వదిలేసి పరిగెత్తి స్టవ్ కట్టేసింది. ఆఫీసరమ్మ అన్నది అత్తగారు పెట్టిన పేరు. శిశు సంక్షేమ శాఖలో కొలువు. దిక్కులేని పిల్లల్ని ఎక్కడ ఉంచాలో, ఎక్కడినుంచి ఎక్కడికి మార్చాలో తేల్చే పని. ఏడాదిగా ఆ శాఖనే బాగుచేసే ప్రణాళిక రాస్తోంది. ఇవాళ అది కమిటీ ముందుకు వెళ్తుంది. రాసి రాసి కళ్లు గుంటలు పడ్డాయి, నడుం పట్టేసింది.

ఇంట్లో పిచ్చుక ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల. శాఖవాళ్ల హాస్టల్ మూతపడినప్పుడు, ఇంకోచోటు దొరికేదాకా అని ఆఫీసరమ్మా భర్తా ఇంటికి తెచ్చుకున్నారు. వచ్చిన రోజే అత్తగారిని నానమ్మా అని పిలిచి ఆవిడ ఒళ్లో నిద్రపోయింది. ఇంకోచోటు వెతకడానికి ఎవరికీ మనసు రాలేదు.

బడిలో కళ్లు పరీక్ష చేసి బోర్డు ఆనడం లేదన్నారు. కళ్లజోడు తయారైందని షాపువాడు ఫోన్ చేశాడు. ఆఫీసుకి వెళ్లేలోపు ఆ పని కూడా అయిపోతుందని ఆఫీసరమ్మ తొందరపడింది.

"పిచ్చుకా, చెప్పులేసుకో. అలా బయటికెళ్లొద్దాం."

పిల్ల చేతిలో పాలగ్లాసు ఠంగున కింద పడింది. మరుక్షణం బాత్రూం గడియ పడింది.

"ఏమన్నావమ్మా దాన్ని?" అత్తగారు పెరట్లోంచి వచ్చింది.

"ఏమీ అన్లేదు అత్తయ్యా. బయటికెళ్దాం అన్నా, అంతే."

తలుపు వెనకనుంచి సన్నగా గొంతు వినిపించింది. "ఆంటీ, నేను అన్నం తక్కువే తింటున్నా గదా. మొన్న కప్పు నేను పగలగొట్టలేదు. జారింది. నన్ను మార్చొద్దు."

ఆఫీసరమ్మ గోడకి చేరగిలబడింది. అలా బయటికెళ్లొద్దాం. అది శాఖ మాట. పిల్లని ఒకచోటునుంచి ఇంకోచోటుకి మార్చేటప్పుడు ముందు చెప్పరు. చెబితే ఏడుస్తారు, మంచం కోడు పట్టుకుని వదలరు. అందుకని బయటికెళ్లొద్దాం అని నవ్వుతూ జీపెక్కిస్తారు. దిగేసరికి కొత్త గేటు. కొత్తగా చేరిన ఉద్యోగులకి ఆ మాట నేర్పేది ఈవిడే. బిడ్డల్ని కాపాడమని పెట్టిన శాఖ, బిడ్డలకి మొదట పంచేది అబద్ధం. ప్రణాళికలో జీపులు పోయి వ్యాన్లు వచ్చాయి. ఆ పద్ధతి మాత్రం చెక్కుచెదరలేదు.

"పశువుని సంతకి తోలేటప్పుడైనా పలుపుతాడు కనిపిస్తుంది," అంది అత్తగారు. "లోకంలో పిల్లలందరికీ ప్లాన్లు గీస్తావు. ఇది ఇక మన పిల్లేనని ఆర్డరొచ్చింది గదా, ఆ ముక్క దీనికి చెప్పావా?"

"మీరు చెప్పారనుకున్నా. రోజంతా ఇంట్లో ఉండేది మీరేగా!"

"నువ్వు చెప్పావని నేననుకున్నా!"

"అన్నీ నేనే చెయ్యాలా అత్తయ్యా? కంటిమీద కునుకు లేదు నాకు!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆర్డరొచ్చిన రోజు పెద్దవాళ్లంతా మిఠాయి తిన్నారు. పిల్లకీ పెట్టారు. ఎందుకో చెప్పలేదు. ఇంటినిండా వంటవాళ్లే, కూరలో ఉప్పు మాత్రం ఎవరూ వెయ్యలేదు.

ఫోన్ మోగింది. డైరెక్టరు.

"ఆలస్యమవుతుంది సార్. ప్రణాళికలో ఒకటి మార్చాలి. ముందుగా చెప్పకుండా ఏ పిల్లనీ ఎక్కడికీ కదిలించకూడదు."

"ఇప్పుడా? అంతా ప్రింటైపోయిందమ్మా! అయినా చెబితే ఏడుస్తారు. ఆ ఏడుపు ఎవరు చూస్తారు?"

"మనమే చూడాలి సార్. జీతం అందుకే ఇస్తున్నారు."

ఫోన్ పెట్టేసి తలుపు దగ్గర చతికిలబడింది.

"పిచ్చుకా, విను. కళ్లజోడు షాపుకి వెళ్తాం. పెట్టుకుని చూస్తావు. మళ్లీ ఇంటికే వస్తాం. ఈ ఇంటికే. నిన్నిక ఎక్కడికీ మార్చరు. ఆర్డరు వచ్చేసింది. నీకు చెప్పడం మర్చిపోయాం."

పిల్ల గొంతు తలుపుకి దగ్గరగా వచ్చింది.

"అంకుల్ కూడా మర్చిపోయాడా?"

"ఆయన కూడా. బస్సు డ్యూటీకి వెళ్లాడు. సాయంత్రం రాగానే ఇద్దరం కలిసి తిడదాం."

పిచ్చుక గడియ తీసి బయటికొచ్చింది. నవ్వలేదు. నమ్మి నమ్మి విసిగిన పిల్ల. తిన్నగా వాకిట్లోకి వెళ్లి నానమ్మ కుడికాలి చెప్పు తీసి తన సంచిలో పెట్టుకుంది.

"ఒసేయ్, నా చెప్పెందుకే? ఒంటికాలి చెప్పుతో నేనెక్కడికి పోను?"

"ఎక్కడికీ పోకు. ఇది ఇవ్వడానికైనా నన్ను మళ్లీ తీసుకురావాలి గదా."

పిల్ల సంచి మూతి బిగించి కట్టింది.

తిరిగొచ్చేసరికి అత్తగారు గడపమీదే ఉంది, ఎడమకాలికి చెప్పుతో. పిల్ల సంచిలోంచి రెండోది తీసి ఆవిడ కాలి దగ్గర పెట్టింది. తలెత్తి, కొత్త అద్దాల్లోంచి ఆ మొహాన్ని చాలాసేపు చూసింది.

"నానమ్మా, నీకిన్ని ముడతలున్నాయా? నాకెవరూ చెప్పలేదే!"

ముసలావిడ నవ్వబోయి, పమిట కళ్లకి అద్దుకుంది.