పదికి పది తెచ్చుకున్న తండ్రి

నాంపల్లి స్టేషన్ వెనక సందులో ఉన్న ఆ సర్కారు ప్రైమరీ స్కూలు గేటుకు ఏడాది పొడుగునా 'అడ్మిషన్లు లేవు' అన్న బోర్డు వేలాడుతుంది. సర్కారు బడికి ఆ బోర్డేమిటని దారిన పోయే ఆటోలు కూడా ఒక్క క్షణం ఇంజన్ ఆపి దణ్ణం పెట్టుకుంటాయని ఆబిడ్స్‌లో చెప్పుకుంటారు. అక్కడ చదివిన పిల్లలు గురుకులం ఎంట్రన్సులో ఏటా ర్యాంకులు కొడతారు. ఆ సందులో ఒక గది కిరాయికి దొరకాలంటే కూకట్‌పల్లిలో ఫ్లాటు అమ్ముకుని రావాలట.

జూన్‌లో ఒకే ఒక్క రోజు ఆ బోర్డు దించుతారు. ఆ రోజు తెల్లవారుజామున అయిదింటికే జితేందర్ లైనులో మొదటివాడిగా నిలబడ్డాడు. అతనికి పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. ఆబిడ్స్‌లో అన్న రవికిరణ్‌తో కలిసి నడిపే కళ్లద్దాల షాపుంది. అన్నకు భవ్యశ్రీ అనే అయిదేళ్ల కూతురుంది. ఆ పిల్లకు ఒకటో తరగతిలో సీటు తీసుకోకుండా ఇంటికి రావద్దని వదిన వైశాలి చాలా ప్రేమగా చెప్పి పంపింది.

ఎనిమిదిన్నరకల్లా అతని వెనక నూటయాభై మంది చేరారు. అప్పుడొచ్చింది ఒక అమ్మాయి. భుజాన సంచీ, చేతిలో గొడుగు. లైను పక్కనుంచి నడుచుకుంటూ నేరుగా గేటు దగ్గరికి వెళ్లిపోతోంది.

"ఓ మేడం, ఎటు పోతున్రు?" అన్నాడు జితేందర్.

"లోపలికి."

"మేమందరం గాడికే. లైన్ అగో, ఆ మిర్చి బండి కాడ మొదలైతది."

"నాకు జర అర్జెంటు పనుంది."

"నాకు లేదా? పొద్దుగాల అయిదింటికి వచ్చిన. పండ్లు కూడా తోముకోలే."

"తెలుస్తనే ఉంది," అంటూ ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత వెళ్లి మిర్చి బండి దగ్గర నిలబడింది. జితేందర్‌కు దేశాన్ని బాగు చేసినంత తృప్తి కలిగింది.

తొమ్మిదైంది. తొమ్మిదిన్నరైంది. వాన మొదలైంది. గేటు మాత్రం తెరుచుకోలేదు. జనం గేటును ఊపడం మొదలుపెట్టేసరికి అటెండర్ బీరయ్య తలమీద ప్లాస్టిక్ కవరు పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"నన్నేం జేయమంటరు సార్? తాళాలు సంహిత టీచర్ దగ్గరున్నయ్. టీచర్ ఇంకా రాలే."

"వచ్చిన బీరయ్యా," అని లైను చివరి నుంచి వినిపించింది. "లైన్‌ల ఉన్న."

నూటయాభై మంది ఒకేసారి జితేందర్ వైపు తిరిగారు. ఇరవై ఎనిమిదేళ్ల జీవితంలో అంతమంది అతన్ని శ్రద్ధగా చూడడం అదే మొదటిసారి.

ఆమె గేటు తెరుస్తుంటే అతను గొణిగాడు. "టీచరని ముందే చెప్పొచ్చు కదా."

"లైన్‌ల నిలబడాలని పిల్లలకు చెప్పేది నేనే. నాకూ ఒక రోజు ప్రాక్టీస్ అయింది."

లోపల ఫారాలు నింపేది కూడా ఆమే. పక్క కుర్చీలో హెడ్‌మిస్ట్రెస్ ఇవాంజెలిన్ మేడం కూర్చుని ఉంది. మెదక్ మనిషి. ముప్పై ఒక్కేళ్ల సర్వీసు. ఆమె చూపుకు గోడ మీది బల్లి కూడా సర్దుకుని నిటారుగా నిలబడుతుంది.

జితేందర్ ఫోన్ తీసి వదిన పంపిన ప్రశ్నల లిస్టు తెరిచాడు. "పోయినేడు ర్యాంకులెన్ని?"

"అవి పోయినేటి పిల్లలవి," అంది సంహిత. "వాళ్లు పోయిన్రు, ర్యాంకులు గూడ తీస్కపోయిన్రు. మీ పాపకు మిగలలే."

"హోంవర్క్ ఎన్ని గంటలు?"

"ఒకటో క్లాసుకు లేదు."

"గట్లయితే ర్యాంకులెట్ల వస్తయ్?"

"అందరు ఫస్టొచ్చిన పిల్లల గురించే అడుగుతరు. వెనకబడ్డ పిల్లను ఈడ ఏం జేస్తరని ఒక్కళ్లు అడగరు. మీ లిస్టుల ఉందా?"

అతను వేలితో పైకీ కిందికీ తిప్పాడు. నలభై ప్రశ్నల్లో అది లేదు.

"అందుకే మాకొక రూలుంది," అంది ఇవాంజెలిన్ మేడం. "తల్లో తండ్రో మూడు రోజులు పిల్లతో పాటు క్లాసుల కూసోవాలె. కండ్లార చూసినంకనే చేర్పించాలె. పోయినేడు ఒకాయన డ్రైవర్‌ను పంపిండు. డ్రైవర్‌కు ఎక్కాలొచ్చినయ్ గానీ బాబుకు సీటు రాలే."

"బాబాయి కూసుంటే నడుస్తదా మేడం?"

"నడవదు. ఇంతకీ మీరు పాపకేమైతరు?"

అన్నకు ఇది షాపులో తలెత్తే తీరిక లేని నెల. వదిన పనిచేసే బ్యాంకులో ఆడిట్. వెనక నూటయాభై మంది ఆ సీటు మీద కన్నేసి ఉన్నారు. జితేందర్ గొంతు సవరించుకున్నాడు.

"తండ్రిని."

సంహిత బర్త్ సర్టిఫికెట్ చూసింది. "రవికిరణ్ గారా?"

"ఔ."

మర్నాడు రవికిరణ్ గారు ఒకటో తరగతి బెంచీ మీద కూర్చున్నారు. మోకాళ్లు చెవులకు తగులుతున్నాయి. తనను ఇంట్లో జిత్తూ అని పిలిచే భవ్యశ్రీకి, బడిలో డాడీ అనాలని రాత్రంతా నేర్పించాడు. ఆ పిల్లకు దాని విలువ ఎంతో అయిదు నిమిషాల్లో అర్థమైపోయింది.

"డాడీ, ఇంటికి పోంగ ఐస్‌క్రీం కొనిస్తవా డాడీ? కొనియ్యకపోతే నేను జిత్తూ అంట డాడీ."

ఆ క్లాసులో పాఠం విచిత్రంగా నడిచేది. శ్రావణ్ అనే పిల్లాడికి చింతగింజలతో తీసివేత రావడం లేదు. వాడికి వచ్చేదాకా పాఠం ముందుకు కదలదు. వచ్చిన పిల్లలు ఒక్కొక్కరే వాడి దగ్గరికి వెళ్లి తమకు తోచినట్టు చెబుతున్నారు. ఒక పిల్ల గింజలు దాచి చూపించింది. ఒకడు రెండు మింగబోయి, టీచర్ అడగ్గానే ఒప్పేసుకున్నాడు. మూడో రోజు శ్రావణ్ తొమ్మిదిలోంచి నాలుగు తీసి అయిదని అరిచేసరికి, క్లాసులో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆఖరి బెంచీ మీది ఇరవై ఎనిమిదేళ్ల విద్యార్థి. ఇక్కడి పిల్లలకు ర్యాంకులెలా వస్తాయో అతనికి అప్పుడు తెలిసింది. పక్కవాడికి చెప్పీ చెప్పీ వీళ్లకు పాఠం ఎముకల్లోకి దిగిపోతోంది.

ఇంకో గొడవ కూడా జరిగింది. మొదటి రోజు సంహిత బోర్డు దగ్గర నిలబడి, కళ్లు సన్నగా చేసి, అతని వైపే అదే పనిగా చూసింది. జితేందర్ గుండె బెంచీ కింద పడింది. వెతుక్కుని మళ్లీ పెట్టుకునే లోపు మళ్లీ చూసింది. ఆ రాత్రి అతను అన్నం బదులు పెరుగు గిన్నెలో నీళ్లు కలుపుకుని తిన్నాడు. రెండో రోజు వృత్తిధర్మం అడ్డొచ్చింది. ఆమె గోడ గడియారాన్ని కూడా అంతే ప్రేమగా చూస్తోంది.

"టీచర్, మీకు మైనస్ ఒకటిన్నర ఉంటది," అన్నాడు మధ్యాహ్న భోజనం దగ్గర.

"ఏంది?"

"సైటు. దూరముంటే మనుషులు మసకగ కనవడతరు మీకు."

"మంచిదే. కొందరు మసకగుంటెనే బాగుంటరు," అంటూ అతని పళ్లెంలో కోడిగుడ్డు వేసింది. గుడ్డు మీద ఉప్పు చల్లుతూ అడిగింది. "మూడు రోజులు మీరు ఈడ కూసుంటే ఇంట్ల ఆమె ఏమనదా?"

"ఎవరు?"

"మీ భార్య."

"ఏమంటది? ఆమె ఉన్నట్టే ఉండదు."

"భార్య గురించి గట్ల మాట్లాడతరా?"

"అట్ల కాదు టీచర్. నేనామె మొఖం చూసి ఎరగ."

సంహిత పళ్లెం తీసుకుని వేరే వరసలోకి వెళ్లిపోయింది. నిజమే చెప్పి ఇంత చెడ్డవాడైన మనిషి ఆబిడ్స్ చరిత్రలో అతనొక్కడే.

మూడో రోజు సాయంత్రం ఇవాంజెలిన్ మేడం అతని ముందు ఒక కాగితం పెట్టింది. పరీక్ష పిల్లకు కాదట, తండ్రికట. పది ప్రశ్నలు. పాపకు ఏ చప్పుడంటే భయం? అన్నంలో ముందు ఏం ఏరి పక్కన పెడుతుంది? ఓడిపోతే ఏం చేస్తుంది? అబద్ధం చెప్పేటప్పుడు చేతులు ఎక్కడుంటాయి? జవాబులు పాప దగ్గరే ఆటల్లో ఆటగా రాబట్టి సంహిత ఒక నోటుబుక్కులో రాసిపెట్టింది.

జితేందర్ ఏడు నిమిషాల్లో రాసేశాడు. మిక్సీ చప్పుడు. జీలకర్ర. ఆట రూల్సు మారుస్తుంది. చేతులు రెండూ గౌను జేబుల్లో. ఇవి కూడా పరీక్షేనా అనుకున్నాడు.

పదికి పది వచ్చాయి.

"సీటిచ్చినం," అంది ఇవాంజెలిన్ మేడం ముఖంలో ఏమీ కనబడకుండా. "సంహితా, రాస్కో."

సంహిత పెన్ను తీసింది. తల ఎత్తకుండా, మెల్లగా అంది. "పిల్ల గురించి ఇంత తెలిసిన తండ్రిని నేను చూడలే రవికిరణ్ గారు. మీ భార్య గురించి మీరేమన్నా, మీ పాప అదృష్టవంతురాలు."

పెన్ను ఇంకా కాగితాన్ని తాకలేదు. నోరు మూసుకుంటే భవ్యకు సీటు ఖాయం. తెరిస్తే సీటు పోతుంది, ఇంట్లో తనకు అన్నం పోతుంది. మూసుకుంటే మాత్రం ఈ అమ్మాయి ముందు అయిదేళ్ల పాటు ఇంకొకరి మొగుడిగా బతకాలి. అంతకంటే, చింతగింజలు మింగబోయినవాడు కూడా ఒప్పేసుకున్న ఆ క్లాసులో తానొక్కడే అబద్ధం మీద కూర్చున్నాడు.

"రాయకుండ్రి టీచర్," అన్నాడు. "నేను రవికిరణ్ కాదు. జితేందర్. బాబాయిని. నాకు పెండ్లి గాలే. భార్య లేదు గాబట్టే ఉన్నట్టుండదన్న."

సంహిత పెన్ను మూత పెట్టింది. ఆ చప్పుడు నాంపల్లి స్టేషన్‌కు వినిపించి ఉంటుంది.

"నాకు పేపర్ దిద్దంగనే తెలిసింది," అంది ఇవాంజెలిన్ మేడం. "ముప్పై ఒక్కేండ్ల సంది ఈ పరీక్ష పెడుతున్న. ఏ తండ్రికీ నాలుగు దాటలే. ఒకాయన బిడ్డ పేరు దగ్గరనే ఆగిపోయిండు. పది వచ్చినయంటే తండ్రి కాదనే లెక్క. నువ్వే చెప్తవా, నేనే అడగాల్నా అని చూస్తున్న."

"సీటు పోయిందా మేడం?"

"ఆపిన. రేపటి సంది అసలు తల్లిదండ్రులు ఇద్దరూ వచ్చి మూడు రోజులు కూసోవాలె. వస్తే సీటు. రాకుంటే నీ వెనక నిలబడ్డోళ్లకు ఇస్త."

సంహిత అతని వైపు చూడలేదు. దగ్గరగానే ఉన్నాడు కాబట్టి సైటు కారణం కాదు.

ఇంట్లో వైశాలి అరగంట సేపు తిట్టింది. రవికిరణ్ షాపు మూసేది లేదన్నాడు.

"అన్నా, భవ్యకు ఏ చప్పుడంటే భయం?" అనడిగాడు జితేందర్.

"పటాకులు."

"మిక్సీ," అంది లోపలి గదిలోంచి భవ్య.

రవికిరణ్ వైశాలి వైపు చూశాడు. వైశాలి వంటింటి గుమ్మం వైపు చూసింది. ఆ ఇంట్లో మిక్సీ రోజుకు రెండుసార్లు తిరుగుతుంది. మర్నాడు షాపు షట్టరు మీద 'మూడు రోజులు సెలవు' కాగితం పడింది. బ్యాంకులో ఆడిట్ వైశాలి లేకుండానే జరిగింది, బ్యాంకు కూడా కూలిపోలేదు.

మూడో రోజు సాయంత్రం జితేందర్ గేటు బయట వానలో నిలబడ్డాడు. ముందు అన్న బయటికొచ్చాడు. "పదికి ఒకటిన్నర. రీకౌంటింగ్ అడిగిన, ఒకటి జేసిన్రు." వైశాలికి అయిదొచ్చాయి. అందుకని ఆవిడ అన్నకంటే మూడడుగులు ముందు నడుస్తోంది. "మార్కులు సీటు కోసం గాదట మరిదీ. మనకు తెల్వాలనట. సీటైతే వచ్చింది," అని భవ్యను ఎత్తుకుని ఆటో ఎక్కింది. అన్నను కూడా లాగి ఎక్కించింది. ఆటోలో ఇంకొకరికి చోటున్నా లేదని చెప్పమని డ్రైవర్‌తో అంది.

బీరయ్య గేటు సగం మూశాడు. ఆ సగంలోంచి సంహిత బయటికొచ్చి గొడుగు విప్పింది.

"సారీ టీచర్," అన్నాడు జితేందర్.

"దేనికి?"

"అబద్ధం చెప్పినందుకు."

"దానికి కోపం లేదు. సీటు పోతదని తెలిసి గూడ నిజం చెప్పిన్రు." ఆమె గొడుగు కర్ర తిప్పింది. "నాకు కోపం వేరే."

"ఏంది?"

"మూడు రోజులు నన్ను నేనే తిట్టుకున్న. పెండ్లయి, పిల్లున్న మనిషి వచ్చిండా రాలేదా అని గేటు దిక్కు చూసుడేందే నువ్వు అని. మైనస్ ఒకటిన్నర పెట్టుకొని గేటు దాక చూసుడంటే ఎంత కష్టమో తెలుసా మీకు?"

జితేందర్‌కు చాలా చెప్పాలనిపించింది. నోట్లోకి వానపడి ఆగిపోయింది. చివరికి గొడుగులోకి ఒక్క అడుగు వేశాడు. ఆమె వెనక్కి జరగలేదు.

"ఇయ్యాల పండ్లు తోముకున్న," అన్నాడు.

"అందుకే నిలబడ్డ." ఆమె నవ్వాపుకుని సంచీ సర్దుకుంది. "మాది కాచిగూడ. మా నాయిన గోపాలరావు, రైల్వేల గుమాస్తా చేసి రిటైరయిండు. ఆదివారం మీ అన్నావదినెలను తీస్కొని రాండ్రి. మీ పేరుతోనే రాండ్రి."

"ఆధార్ కార్డు గూడ తెచ్చుకోనా?"

"తెచ్చుకోండ్రి. నేను నమ్మిన గానీ, మా నాయిన చూడంది నమ్మడు."