లాభంతో మొదలయ్యే లెక్క

కరువు అయిదో నెలలోకి వచ్చేసరికి వేములపేటలో చావులు తగ్గిపోయాయి. శేషారత్నం ముందు వానను అనుమానించింది. తెరమీద మేఘపట్టీని వెనక్కి తిప్పి చూసింది. చుక్క రాలలేదు. పశువులు పోవలసినట్టే పోయాయి. మనుషులు మాత్రం బతికున్నారు. ఆనాటి సర్కారు కాగితాల్లోని చావులతో గీసిన పోలికరేఖకు ఆ ఒక్క ఊరు కిందుగా జారిపోతోంది.

సాయంత్రం ఈ ఆటలోకాన్ని జనానికి తెరవాలి. లక్షలమంది ఆటగాళ్లు దొరలుగా, జమీందార్లుగా కూర్చుని కుంపెనీ కాలం నాటి నందన కరువును నడుపుతారు. దొంగచరిత్రలు చెలరేగిన రోజుల తర్వాత వచ్చిన చట్టం ప్రకారం, నిజత్వ మండలి ముద్ర లేనిదే ఏ చరిత్ర ఆటా బయటికి పోదు. లెక్కలో తేడా వస్తే పరీక్షకురాలు తన ఉద్యోగాన్ని పూచీ పెట్టి ముద్ర వేయాలి, లేదా తేడాకు కారణమైన ఛాయను, అంటే ఆటలోని మనిషిని, చెరిపి లెక్కకు లొంగే ఇంకోదాన్ని పెట్టాలి. ఆ చెరపడాన్నే ఆఫీసులో దిద్దటం అంటారు. ధాన్యం వ్యాపారుల ఇంట పుట్టింది కనుక వర్తకుల ఛాయలన్నీ శేషారత్నం వంతు. ఇన్నేళ్లలో ఆమె పూచీ పడిందే లేదు. రాబడి లేని చోట పెట్టుబడి పెట్టే మనిషి కాదు.

పై అధికారి తాహెరా వచ్చి కుర్చీ వెనక నిలబడింది.

"ఏందక్కా, మీ ఊళ్ళో జనం చావనంటున్నారంట?"

"అడిగి చూశా. ఇప్పుడప్పుడే కాదంటున్నారు."

తాహెరా నవ్వింది. మధ్యాహ్నంలోగా తేల్చమనీ, ముద్ర పడకపోతే తన తల కూడా పోతుందనీ చెప్పి వెళ్లింది.

ఊరి లావాదేవీల్లో తప్పేమీ లేదు. కోటిలింగం అనే వర్తకుడు పాతర తెరిచి రోజూ జొన్నలు కొలుస్తున్నాడు. అదంతా లాభం కింద జమ అవుతోంది. కరువులో లాభానికి అమ్మే వర్తకుణ్ణి ఆటను నడిపే ఇంజిన్ ఎందుకు తప్పు పడుతుంది? శేషారత్నానికి మాత్రం ఒకటి పొసగలేదు. ఆ ఊరివాళ్లు అప్పటికే వంటపాత్రలు కూడా అమ్ముకున్నారు. వాళ్లు దేంతో కొంటున్నారు? ఎప్పుడూ రేఖలు చూసి పని ముగించే మనిషి, ఆరోజు పాతర దగ్గరి మాటలు వినడానికి చప్పుడు పెట్టింది. కోటిలింగం కొలుస్తున్నాడు.

"లాభం... రెండు... మూడు..."

ఆమె ఆ మాటను మళ్లీ పెట్టి వింది. నాయన కూడా కుంచంతో కొలిచేటప్పుడు ఒకటి అనేవాడు కాదు. మొదటి కొలతను లాభం అని పిలిచి, రెండు నుంచి లెక్క సాగించడం ధాన్యం కొట్ల ఆనవాయితీ. ఇంజిన్‌కు అది తెలియదు, విన్న మాటను విన్నట్టే జమ వేసుకుంది.

పాతర ముందు ఒక ఆడమనిషి చేట పట్టుకుని, తన దగ్గర ఇవ్వడానికేమీ లేదని గొణిగింది.

"నేనేమన్నా అడిగానా తల్లీ? చేట సరిగ్గా పట్టు, నేలపాలవుద్ది," అన్నాడు కోటిలింగం. మళ్లీ లాభం అని మొదలుపెట్టాడు.

ఊరికే పోసేవాడు సర్కారుకు చెప్పి పోయడు. చెప్పనిది కాగితానికి ఎక్కదు. కాగితానికి ఎక్కనిది మండలి దృష్టిలో జరగనే లేదు. ఈ సంగతి తెలిసే శేషారత్నం ఇన్నాళ్లూ పనిచేసింది. రేఖ వంగిన చోటల్లా వర్తకుణ్ణి చెరిపేసింది. చెరిపిన ఛాయలు తిరిగి రావు. వాళ్లలో ఎందరు ఇలా లాభం అంటూ చేటలు నింపారో కనుక్కునే దారి లేదు. ఏ రాబడితోనూ పూడ్చుకోలేని నష్టం అది.

తాహెరాను పిలిచి వినిపించింది. తాహెరా తలుపు దగ్గరికి వేసింది.

"దిద్దెయ్యక్కా. ఛాయలకు ఆకలేంది?"

"ఆకలి పెట్టింది మనమే గదమ్మా. బాగానే పెట్టాం."

తాహెరా చూపు తప్పించింది. తనకు ఇద్దరు పిల్లలున్నారనీ, ఈ విషయంలో తన పేరు ఎత్తవద్దనీ అంది. శేషారత్నం తలూపింది. వర్తకుడి నడత సహజంగానే ఉందని పూచీ రాసి, ముద్ర వేసింది.

ముద్ర పడిన నడత నమూనా అవుతుంది. ఇంజిన్ దాన్ని ఆ లోకంలోని వర్తకులందరికీ నేర్పుతుంది. వేములపేట పక్క ఊళ్ళో ఒక పాతర తెరుచుకుంది. తర్వాత దాని పక్క ఊళ్ళో. రేఖలు ఒక్కొక్కటే కిందికి వాలడం ఆమె కళ్లారా చూసింది. కింద గదిలో ఫోన్లు మోగుతున్నాయి.

సాయంత్రం లోకం తెరుచుకుంది. మొదటి ఫిర్యాదు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. కరువు నమ్మేలా లేదనీ, జనం చాలినంతమంది చావడం లేదనీ, వెంటనే దిద్దమనీ ఎవరో ఆటగాడు రాశాడు. ఫిర్యాదులకు మండలి తయారుగా ఉంచిన జవాబు ఒకటుంది. శేషారత్నం దాన్ని చెరిపేసి, కొట్లో గిరాకీతో మాట్లాడినంత మర్యాదగా రాసింది:

"ఎంతమంది కావాలండీ?"