నూతి దగ్గర మైకు

వన్ టౌన్‌లో షరీఫ్ టేప్ రికార్డర్లు బాగుచేసే కొట్టు అతని ఇంటి ముందుగదే. నడవ దాటి వెనక్కి వెళితే చిన్న పెరడు, అందులో సిమెంటు పలకతో మూసేసిన పాత నుయ్యి. కొట్టులో భాగస్వామి నీలకంఠం. అతను సబ్బవరం నుంచి చదువుకోడానికి వచ్చిన రోజుల నుంచీ, చుట్టరికం లేకపోయినా, షరీఫ్‌కి అతనే బావ, అతనికి షరీఫే బావ.

రెండేళ్ల కిందట తమ్ముడు హుస్సేన్ బాషాని ఇంటికి కాపలా ఉంచి షరీఫ్ కుటుంబమంతా కాకినాడలో పెళ్లికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి బాషా ఇంట్లో లేడు. ఓడెక్కి దుబాయి వెళ్లిపోయాడనీ, జెట్టీ దాకా తానే దిగబెట్టాననీ నీలకంఠం చెప్పాడు. బెంగతో మంచం పట్టిన తల్లి రషీదాకి కొడుకులా పక్కన కూర్చుని ముద్దలు తినిపించిందీ అతనే. వాళ్లు వచ్చేసరికే నూతికి మూత వేసేసిందీ అతనే. ఇంట్లో పిల్లలు తిరుగుతుంటారు కదా అన్నాడు. ఎంత ముందుచూపో అనుకున్నాడు షరీఫ్.

ఎనభై నాలుగులో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఓడ మనిషి ఒకడు కొత్త టేప్ రికార్డర్ తెచ్చి ఇచ్చాడు. రికార్డింగు బాగుందో లేదో చూడమన్నాడు. శబ్దాన్ని తనే సర్దుకునే రకం అది. పెద్ద చప్పుడైతే తగ్గించుకుంటుంది. గది సద్దుమణిగితే మెల్లమెల్లగా చెవులు రిక్కించి, మనిషికి వినపడనిది కూడా పట్టుకుంటుంది. నీలకంఠం హార్బరుకి వెళ్లాడు. షరీఫ్ షట్టర్ దించి, మైకు ముందు రెండు చప్పట్లు కొట్టి, కదలకుండా కూర్చున్నాడు.

క్యాసెట్ వెనక్కి తిప్పి విన్నాడు. చప్పట్లు. తరవాత సుయ్‌మని హోరు మెల్లగా పైకి లేచింది. చూరు నీళ్ల చుక్కలు. వాటి వెనక... ఊపిరి.

తనదే అనుకున్నాడు. మెషీన్ ఆన్ చేసి, గదిలోంచి బయటికి పోయి, మళ్లీ వచ్చి విన్నాడు. ఊపిరి అలాగే ఉంది.

మైకు నడవలో పెట్టాడు. ఊపిరి దగ్గరయింది. పెరటి గుమ్మంలో పెట్టాడు. ఇంకా దగ్గరయింది. ఇంట్లోకి నాచువాసన వచ్చింది, ఏళ్ల తరబడి కదలని నీళ్ల వాసన. వాన తెరిపిచ్చాక మైకుని నూతి పలక మీద బోర్లించాడు. కొట్టులోకి తెచ్చి విన్నాడు.

"భాయ్..."

సన్నటి గొంతు. తడిసిన గొంతు.

"బావ మూసేసినాడు... మూత తియ్యి."

షట్టర్ కింది నుంచి వంగి నీలకంఠం లోపలికొచ్చాడు. షరీఫ్ క్యాసెట్ మళ్లీ వినిపించాడు. నీలకంఠం ముఖంలో ఆశ్చర్యం లేదు. అది చూశాక షరీఫ్‌కి అడగడానికి పెద్దగా మిగల్లేదు.

నీలకంఠమే చెప్పుకొచ్చాడు. ఓడల నుంచి దొంగతనంగా దించిన వాచీలు కొట్టులో దాస్తుంటే బాషా చూశాడట. అన్నకి చెప్పేస్తానన్నాడట. నూతి దగ్గర పెనుగులాటలో తానే తోసేశాడట.

"నువ్వు మూత ఏసినప్పుడు బతికున్నాడా?"

నీలకంఠం పెరటి వైపు చూశాడు.

"అప్పటికింకా పిలుస్తన్నాడు బావా."

షరీఫ్ కొట్టలేదు. ఆ చేతులు తన తల్లికి అన్నం తినిపించిన చేతులు. వాటినే చూస్తూ నిలబడ్డాడు. అతను పిలిస్తే వీధిలోంచి నలుగురు కూలీలు గునపాలతో వచ్చి పలక లేపుతున్నంతసేపూ నీలకంఠం పారిపోలేదు. వద్దు బావా, మూత తియ్యొద్దు, అని మాత్రం గొణుగుతూ గుమ్మంలో కూలబడ్డాడు. దొరికిపోతానన్న భయమనుకున్నాడు షరీఫ్. నూతి అడుగున ఎముకలు, బాషా గళ్ల చొక్కా దొరికాయి. పోలీసులు నీలకంఠాన్ని తీసుకుపోయారు.

బాషాని మట్టి చేసి వచ్చాక రషీదా ఒక్కటే అడిగింది, కొడుకు గొంతు వినిపించమని. షరీఫ్ క్యాసెట్ పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని వింది. ఏడవలేదు. మళ్లీ పెట్టమంది. ఈసారి కొంగు బిగించి పట్టుకుంది.

"బాషా నీతో ఎప్పుడైనా తెలుగులో మాట్లాడాడా?" అని ఉర్దూలో అడిగింది.

షరీఫ్ తల అడ్డంగా ఊపాడు. ఇంట్లో ఎవరూ తెలుగు మాట్లాడరు. బయటివాళ్లతో తప్ప.

"అది వాడి గొంతు కాదు. అది ఆగాక విను. వాడు దాని వెనక ఉన్నాడు."

మళ్లీ పెట్టాడు. మూత తియ్యి అని అడిగి ఆ గొంతు ఆగింది. అంతకుముందెప్పుడూ అతను ఆ తరవాతి హోరుకి చెవి పెట్టలేదు. ఈసారి పెట్టాడు. సుయ్‌మని హోరు మెల్లగా పైకి లేచింది... ఇంకా లేచింది. ఎక్కడో అడుగున, ఎవరో నోరు నొక్కేస్తుంటే తప్పించుకుని అన్నట్టు, తమ్ముడి గొంతు.

"భాయ్... మత్ ఖోలో..."

తెరవొద్దు. తెరవొద్దు, అంటూనే ఉంది.

పెరట్లో నుయ్యి తెరిచే ఉంది.